కత్తెరమ్మ చూపించిన రేవు

ఆ రేవు నగరానికి కొత్తగా వచ్చినవాళ్ళు ఏమేం చూడాలో తెలియక దిక్కులు చూడాల్సిన పని లేదు, గైడు ఉన్నాడు కదా! గడియారస్తంభం, రాతిగుట్ట మీద లైటుహౌసు, ఫిరంగుల కోట, వేలాడే వంతెన, పొద్దున్నే తళతళలాడే చేపల బజారు, వీటన్నిటినీ పాతికేళ్ళకు పైగా లాంచీ మీద నిలబడి ప్రతి మనిషికీ చూపించిన మహానుభావుడాయన. అంత చూపించినవాడు కట్టుకున్న పెళ్ళానికి ఒక్కటంటే ఒక్కటైనా చూపించాడా? చెప్పుకుంటే సిగ్గుచేటు! అడిగినప్పుడల్లా "వచ్చే ఆదివారం తప్పకుండా" అనేవాడు. ఆదివారమొస్తే లాంచీలో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. ఆవిడైనా తీరిగ్గా కూర్చునే మనిషి కాదులెండి. ఇంటి ముందుగదిలో కుట్టుమిషను, దాని చుట్టూ గుట్టలు గుట్టలుగా గుడ్డలు. పేటలో అందరూ ఆవిణ్ణి కత్తెరమ్మ అంటారు. ఆ పేరు సగం చేతిలో కత్తెర వల్ల వచ్చింది, మిగతా సగం నోటి వల్ల.

అలాంటి ఇంట్లో మాట ఆగిపోయింది. ఒకరోజు పొద్దున టీ తాగుతూ తాగుతూ గైడు గ్లాసు వదిలేశాడు. మూతి ఒక పక్కకి జారిపోయింది. ఆసుపత్రివాళ్ళు ప్రాణం నిలబెట్టారు, మనిషిని నడిపించారు, కుడిచేతికి సగం బలం తెచ్చారు. నోటికి మాత్రం ఒక్క మాటే మిగిలింది, "అదీ" అని. నీళ్ళు కావాలన్నా అదీ, దిండు సరిచెయ్యమన్నా అదీ, కిటికీ వెయ్యమన్నా అదీ. ఆఖరికి పెళ్ళాన్ని చూసినా అదీ.

"పెళ్ళాన్ని పట్టుకుని అదీ ఇదీ అంటావేమయ్యా, మర్యాద లేకుండా!" అని కత్తెరమ్మ నవ్వించబోయింది. ఆయన నవ్వలేదు. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. లోపల మాటలన్నీ భద్రంగా ఉన్నాయి, గుమ్మం దగ్గర తొక్కిసలాటై ఒక్కటీ బయటపడటం లేదు, అంతే. ఆ కళ్ళు చూసినవాళ్ళెవరికైనా ఆ సంగతి తెలుస్తుంది. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో తనివితీరా ఏడ్చింది. ఏడ్చి ముఖం కడుక్కుంది. ఈ మనిషి తనతో మళ్ళీ మాట్లాడాలి. ఆయన మాట, ఆయన సొంత మాట, ఒక్కటైనా వినాలి. వినకుండా ఊరుకునే ప్రశ్నే లేదనుకుంది.

మాటలు నేర్పే డాక్టరమ్మ చిన్న వయసుదే గానీ, ఓపికకి పుట్టినిల్లు. బొమ్మలు చూపించింది. ఆవు? అదీ. గొడుగు? అదీ. బొమ్మలు పక్కన పెట్టి "ఒకటి, రెండు..." అని తనే అందుకుంది. గైడు "మూడు, నాలుగు, ఐదు" అంటూ పదిదాకా గడగడా వెళ్ళిపోయాడు. కత్తెరమ్మ కుర్చీలోంచి ఎగిరి లేచింది.

"సంతోషపడండి గానీ తొందరపడకండమ్మా," అంది డాక్టరమ్మ. "వల్లెవేసినవి వేరే అరలో ఉంటాయి. అది మాట్లాడటం కాదు, అలవాటు. కానీ ఆ అర పాడవలేదంటే మంచి కబురే. ఈయన పాటలేమైనా పాడేవారా?"

"పాటా! స్నానం చేసేటప్పుడు కూడా కూనిరాగం తీసిన పాపాన పోలేదు. కానీ లాంచీ మీద పాఠం చెప్తాడండీ. రోజూ అదే పాఠం, అక్షరం పొల్లుపోకుండా. జోకులు కూడా అవేనట."

"అయితే ఇంకేం, ఎక్కించండి లాంచీ! ఏం జరిగిందో నాకు వచ్చి చెప్పండి," అంది డాక్టరమ్మ.

ఇంట్లో ఆడబిడ్డ ఒప్పుకోలేదు. గైడుకి అక్క ఆవిడ. తమ్ముడికి బాగోలేదని తెలిసి వచ్చి మకాం వేసింది. మంచిదే, చాకిరీకి వెనకాడేది కాదు, కానీ నోరు తెరిస్తే నిట్టూర్పు.

"మనిషి దక్కాడు, అదే పదివేలు. వాణ్ణి పడవలెక్కించి నలుగురిలో నవ్వులపాలు చేస్తావా మరదలా? ఇంత తిని ఒక మూల కూర్చుంటాడు, వదిలెయ్యి."

"మూల పెట్టడానికి ఈయనేం గొడుగా వదినా?" అంది కత్తెరమ్మ. మర్నాడే కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసి, మొగుడికి ఉతికిన చొక్కా తొడిగి, చెయ్యి పట్టుకుని రేవుకి నడిపించింది.

లాంచీ నడిపే సరంగు గైడుకి చుట్టమేమీ కాదు, అయినా వరస కలుపుకుని బావా అంటాడు. ఆయన్ని చూడగానే పరుగున వచ్చి కౌగిలించుకున్నాడు. గైడు మంచాన పడ్డాక లాంచీ యజమాని ఆ పాఠాన్ని ఎవరిచేతో చదివించి, రికార్డు చేయించి ఒక పెట్టెలో పెట్టించాడు. "ఈ డబ్బాగాడు దగ్గకుండా తుమ్మకుండా వాగుతాడక్కా, వింటుంటే నాకు చుక్కాని దగ్గరే నిద్రొస్తోంది," అని సరంగు దాని మీట నొక్కి నోరు మూయించాడు.

కత్తెరమ్మ ఏరికోరి అన్నిటికంటే మంచి చోటు పట్టింది. ముందు వరస, అంచు సీటు. రేవంతా ఎదురుగా పరిచినట్టు కనబడుతుంది. "చూడయ్యా, నీ గడియారస్తంభం! అదిగో, నీ వంతెన!" అని మోచేత్తో పొడుస్తూనే ఉంది. గైడు ముక్కూమొహం తెలియని చుట్టాన్ని చూసినట్టు స్తంభాన్ని చూశాడు. వంతెననీ అలాగే చూశాడు. "అదీ," అన్నాడు నీరసంగా. ఆ రోజంతే. ఆ మర్నాడూ అంతే. ఆ పై వారమూ అంతే. వెనక జనం "చెప్పేవాళ్ళెవరూ లేరా?" అని సణిగితే, సరంగు ఉసూరుమంటూ డబ్బాగాడి మీట మళ్ళీ పైకి లేపాడు. ఇంటికొస్తే ఆడబిడ్డ ఏమీ అనేది కాదు, నిట్టూర్చేది. ఆ నిట్టూర్పు వింటే కత్తెరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కేది.

ఇక ఒకరోజు ఎదురుగాలి. నీటి తుంపర్లు ఈడ్చి ముఖాన కొడుతున్నాయి. గైడు కళ్ళు మూసుకుని ముడుచుకుపోతుంటే ఆవిడకి చిర్రెత్తుకొచ్చింది. సరంగు వెనక ఉన్న కుర్చీని లాక్కొచ్చి, గాలికి వీపు పెట్టి వేసి, మొగుణ్ణి జనంవైపు ముఖం తిప్పి కూర్చోబెట్టింది. "కొట్టనీ, వీపుకే కదా!" అంది. స్తంభం దగ్గరపడుతోందని సరంగు ఇంజను జోరు తగ్గించాడు. ఎదురుగా వరసలు వరసలుగా జనం, వెనక నీళ్ళ చప్పుడు. గైడు వెన్ను నిటారైంది. ఎడమచేత్తో కుడిచేతిని మణికట్టు దగ్గర పట్టుకుని పైకెత్తాడు.

"అమ్మలారా, అయ్యలారా! మీ ఎడమచేతివైపు చూడండి. మా ఊరి గడియారస్తంభం. నాలుగు ముఖాలు, నాలుగు టైములు. అందుకే మా ఊళ్ళో ఎవరూ ఆలస్యంగా రారు. ఏదో ఒక ముఖం లెక్కన టైముకి వచ్చినట్టే!"

జనం గొల్లుమన్నారు. లైటుహౌసు వచ్చింది, చెప్పాడు. వంతెన వచ్చింది, చెప్పాడు. ఫిరంగుల కోట వచ్చేసరికి గొంతు పెంచి, "ఈ ఫిరంగులు ఒక్కసారైనా పేలలేదు. శత్రువులు వీటిని చూసి పారిపోయారో, మా దోమల్ని చూసి పారిపోయారో దేవుడికే తెలియాలి!" అన్నాడు.

"ఓరి నా తెలివి తెల్లారిపోనూ!" అని సరంగు చుక్కాని మీద చరిచాడు. "బావ ఎప్పుడైనా రేవుని చూశాడా అక్కా? జనాన్ని చూస్తూ కదా చెప్పేది! ఇన్నేళ్ళూ ఆ స్తంభం ఆయన వీపు వెనకే ఉంది. మనమేమో ముందు సీట్లో కూర్చోబెట్టి, చూడు చూడు అని చంపుకు తిన్నాం."

ఆవిడ ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. మధ్యలో ఒక రవ్వ కుళ్ళుకుంది కూడా. ముక్కూమొహం తెలియని జనానికి ఇన్ని జోకులు చెప్పాడు, తనకి ఒక్కటైనా చెప్పలేదే అని.

ఇంటి గుమ్మంలోంచే కేకేసింది. "వదినా, మాట్లాడాడు!"

ఆడబిడ్డ చేతిలో గిన్నె అక్కడే పెట్టి పరుగెత్తుకొచ్చింది. తమ్ముడి గడ్డం పట్టుకుని, "ఏదిరా నాన్నా, ఒక్క మాట. అక్కా అను," అంది.

గైడు చాలా కష్టపడ్డాడు. నుదుట చెమట పట్టింది. "అదీ," అన్నాడు.

అప్పటినుంచీ అదే తంతు. లాంచీలో జనంవైపు తిప్పి కూర్చోబెడితే పాఠం ఏరులా పారుతుంది. లాంచీ దిగితే అదీ. పాఠం మధ్యలో ఆపి ఏదైనా అడిగి చూడమని డాక్టరమ్మ చెప్పింది. కత్తెరమ్మ అలాగే, "దీన్ని ఎవరు కట్టించారయ్యా?" అని ఆపేది. గైడు బిత్తరపోయి ఆవిణ్ణి చూసి, మళ్ళీ "అమ్మలారా, అయ్యలారా" దగ్గర్నుంచి మొదలుపెట్టేవాడు. నాలుగుసార్లు ఆపితే నాలుగుసార్లూ మొదటికే. ఆవిడకి తలప్రాణం తోకకొచ్చింది.

"చిలక పలుకులు మరదలా అవి," అంది ఆడబిడ్డ. ఈసారి ఆవిడ గొంతులో ఎత్తిపొడుపు లేదు, జాలి ఉంది. ఎత్తిపొడుపే నయం అనిపించింది కత్తెరమ్మకి.

డాక్టరమ్మ కూడా దాచకుండా చెప్పింది. "దారి దొరికిందమ్మా, ఊరు ఇంకా రాలేదు. పాఠంలో లేని మాట ఒక్కటి, ఆయనకి చెప్పి తీరాలనిపించి చెప్పాలి. ఎప్పుడు వస్తుందో, అసలు వస్తుందో రాదో నేను మాటివ్వలేను."

"మీరు ఇవ్వకండి. నేనిస్తాను," అంది కత్తెరమ్మ. అనైతే అంది గానీ, ఎలాగో ఆవిడకీ తెలియదు.

దారి చూపించింది ఎవరనుకున్నారు? ఆ నిట్టూర్పుల ఆడబిడ్డే! ఒక మధ్యాహ్నం పక్కింటావిడ రవికె కొలతకి వస్తే, ఆడబిడ్డ కబుర్లలో పడి, "ఆ లైటుహౌసు నిన్నగాక మొన్న మా నాన్న హయాంలో కట్టిందేగా," అంది. మంచం మీద కునుకుతున్న గైడు దిగ్గున లేచి కూర్చున్నాడు. ముఖం కందగడ్డ అయిపోయింది. "అదీ! అదీ!" అంటూ మంచంపట్టె మీద ఠపఠపా కొట్టాడు. ఆడబిడ్డ హడలిపోయి మంచినీళ్ళు తేబోయింది. కత్తెరమ్మ మాత్రం సూది పళ్ళమధ్య పెట్టుకుని మొగుణ్ణి అలా చూస్తూ ఉండిపోయింది. ఈయన ఆకలి ఓర్చుకుంటాడు, నొప్పి ఓర్చుకుంటాడు, పెళ్ళాం నోరు కూడా ఓర్చుకుంటాడు. రేవు గురించి ఎవరైనా తప్పు చెప్తే మాత్రం ఓర్చుకోలేడు!

మర్నాడు లాంచీలో గైడుని జనంతోపాటు ముందు వరసలో కూర్చోబెట్టి, తను వెళ్ళి ఆయన చోట నిలబడింది. గాలికి చెంగు ఎగిరిపోతుంటే నడుముకి బిగించి దోపుకుంది.

"అక్కా, నీకు రేవు గురించి ఏమీ తెలియదు కదా!" అని సరంగు గుసగుసలాడాడు.

"తెలియకపోవడమే నా బలం. నువ్వు పోనియ్యి."

మొదటి తప్పు ఆవిడ కావాలని చెయ్యలేదు. "మీ కుడిచేతివైపు చూడండి!" అని తన కుడిచెయ్యి చాపింది. జనమంతా బుద్ధిగా వాళ్ళ కుడివైపు తిరిగి, ఖాళీ సముద్రాన్ని చూశారు. ఎదురుగా నిలబడ్డవాడికి ఎడమ కుడి తారుమారవుతాయని ఈ పనిలో మొదటిరోజే నేర్చుకుంటారు. గైడు నెత్తి కొట్టుకున్నాడు. ఆవిడకి హుషారొచ్చింది.

"అటు కాదు, ఇటు! అది గడియారస్తంభం. ఒక రాజుగారు వాళ్ళ అత్తగారి కోసం కట్టించాడు. టైము చూసుకుని ఆవిడ త్వరగా ఊరెళ్ళిపోతుందని."

జనం విరగబడి నవ్వారు. గైడు తల అడ్డంగా ఊపాడు. ఆవిడ అటే చూడనట్టు నటించింది. "ఆ గుట్ట మీద పొడుగ్గా కనబడేది నీళ్ళ ట్యాంకు. పైన లైటెందుకంటారా, ట్యాంకు నిండిందో లేదో చూసుకోవడానికి."

"అదీ! అదీ!" గైడు కుర్చీ చేతిని పట్టుకుని సగం లేచాడు. మెడ నరాలు ఉబ్బాయి. ఈ ఉద్రేకానికి మళ్ళీ ఏమైనా అయితే? ఆడబిడ్డ మాట విని ఉండాల్సిందేమో? కత్తెరమ్మ ఆయన కళ్ళలోకి చూసింది. ఆ కళ్ళలో నీళ్ళు లేవు, కోపం ఉంది. ఇన్ని నెలల్లో ఆ కళ్ళు అంత సజీవంగా ఎప్పుడూ లేవు. ఆవిడ గొంతు సవరించుకుంది.

"నీళ్ళ ట్యాంకే," అంది గట్టిగా.

"కా... కాదు!"

లాంచీ ఒక్కసారి చిన్నగా ఊగింది. సరంగు చుక్కాని వదిలేసి మళ్ళీ పట్టుకున్నాడు. కాదు అనే మాట పాఠంలో ఎక్కడా లేదు. కత్తెరమ్మకి పరుగెత్తి వెళ్ళి ఆ తల గుండెకి హత్తుకోవాలనిపించింది. కానీ ఇప్పుడు ఆగితే, పట్టుకున్న పోగు చేజారుతుంది. పళ్ళబిగువున నిలబడింది.

"ఇది తాడు తెగిపోతే మళ్ళీ కట్టిన వంతెన."

"కాదు!"

"ఈ కోట ఫిరంగులు మూడు యుద్ధాలు గెలిచాయి."

"కాదు! పేలలేదు! ఒక్కసారైనా పేలలేదు!"

జనం ఈలలు వేశారు. ఒక పెద్దాయన "నేను ఈయన పక్షం" అన్నాడు. ఒక ఆవిడ "నేను ఈవిడ పక్షం" అంది. ఇది ఏదో కొత్తరకం వినోదమనుకున్నారు పాపం. కత్తెరమ్మకి తెలుసు, ఫిరంగులు పేలకపోవడం పాఠంలో ముక్కే. కాదు ఒక్కటే ఆయన సొంతం. ఒక్క కాదుతో ఇంటికెళ్ళడానికి ఆవిడ సిద్ధంగా లేదు. కానీ అబద్ధాల మూట ఖాళీ అయిపోయింది, లాంచీ వెనక్కి తిరిగేచోటు వచ్చేసింది.

అక్కడ పాత రేవు మెట్లు ఉన్నాయి. నాచు పట్టిన రాళ్ళు, తుప్పు పట్టిన గొలుసులు. చూడటానికి ఏమీ లేదు కాబట్టి పాఠంలో వాటి ఊసే లేదు. కత్తెరమ్మ వాటిని నీళ్ళవైపు నుంచి చూసింది. తర్వాత వేలు చూపించింది. గొంతు తనకు తెలియకుండానే మెత్తబడింది.

"ఎడమో కుడో నాకు తెలియదు, నా వేలు వెంట చూడండి. ఆ మెట్ల పైన అప్పట్లో ఒక రేకుల షెడ్డు ఉండేది. అందులో మిషను కుట్టుకునే ఒక పిల్ల. లాంచీ దిగి ఒక గైడు వచ్చేవాడు. వారం తిరిగేసరికల్లా చొక్కాకి ఒక బొత్తాం ఉండేది కాదు. నాసిరకం దారం, ఏం చేస్తాడు పాపం! ఆ పిల్ల కుట్టి పంపేది. కుట్టగా కుట్టగా పిల్లే మనసు పారేసుకుంది. ఆ మనిషి ఉలకడు, పలకడు. ఇక లాభం లేదని సిగ్గు విడిచి తనే అడిగింది, నన్ను చేసుకుంటావా అని. ఆడపిల్ల వెంటపడి చేసుకున్న పెళ్ళి. ఇందాకటివి కోతలే గానీ ఇది మాత్రం పచ్చి నిజం."

"కాదు," అన్నాడు గైడు.

కత్తెరమ్మకి నిజంగానే ఒళ్ళు మండింది. పాఠం, వైద్యం, పంతం అన్నీ మర్చిపోయింది. "ఏం కాదయ్యా? ఏం కాదు? అడిగింది నేను కాదా? ఇన్నేళ్ళూ నీ అక్క దగ్గర్నుంచి పేటంతా అదేగా నన్ను దెప్పింది!"

గైడు నోరు తెరిచాడు. మాట రాలేదు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. సరంగు ఇంజను ఆపేశాడు. జనానికి ఇది వినోదం కాదని అప్పటికి అర్థమైంది, ఎవరూ కదలలేదు.

"దారం..." అన్నాడు గైడు. ఎడమచెయ్యి చొక్కా మీదికి వెళ్ళి పై బొత్తాన్ని పట్టుకుంది. "దారం... మంచిదే. నేనే... తెంపాను."

"ఏంటీ?"

"ప్రతి వారం. నేనే. నీ దగ్గరికి... రావాలని."

కత్తెరమ్మ చేతులు రెండూ కిందికి వాలిపోయాయి. గైడు చోటు వదిలేసి వచ్చి ఆయన పక్కన కూలబడింది. ఎంతమంది చూస్తున్నారో ఆవిడకి పట్టలేదు.

"ఇన్నేళ్ళూ ఈ మాట కడుపులో పెట్టుకుని కూర్చున్నావా? నేనే వెంటపడ్డానని అందరూ నవ్వుతుంటే నువ్వూ నవ్వావు కదయ్యా! ఎందుకు చెప్పలేదు?"

గైడు చాలాసేపు వెతుక్కున్నాడు. మూతి ఒక పక్కకే నవ్వింది.

"సిగ్గు," అన్నాడు.

ఆవిడ ఆయన చేతిని రెండు చేతులతో పట్టుకుంది. "మళ్ళీ చెప్పు," అంది.

"నేనే తెంపాను," అన్నాడు ఆయన, ఈసారి తడుముకోకుండా.

కత్తెరమ్మ ఇంకోసారి చెప్పించుకుంది.